మంచు దారిలో... కుక్కల బండి

"ఒరే, కుక్కలు బండి లాగడమేంట్రా? మీరు ఎక్కి కూర్చోవడమేంట్రా? పాపం తగలదూ!"

మేము కుక్కల బండి ఎక్కడానికి వెళ్తున్నామని చెప్పగానే ఫోన్‌లో అవతలి నుంచి ఓ అమ్మ అన్న మాటలివి. అమ్మకి ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాం గానీ, ఆ అనుమానం మాకూ లేకపోలేదు. మిన్నియాపొలిస్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చలికాలమే. ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోరు, మళ్లీ ఇల్లు. పార్కింగ్ నుంచి లిఫ్టు దాకా నడిస్తేనే చెవులు ఊడిపోతాయేమో అనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ చలిని తిట్టుకోవడమే తప్ప, దాన్ని సరిగ్గా చూసింది లేదు. ఒక్కసారైనా ఆ చలిలోకి వెళ్లి చూద్దామని ఆరుగురం కలిసి డిసెంబరులోనే ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి బుక్ చేసుకున్నాం. మనిషికి రెండు వందల డాలర్ల దాకా అయింది. ఒకసారి కట్టాక తిరిగివ్వరు.

ఆరుగురంటే రెండు జంటలు, గోదావరి జిల్లా అన్నయ్య ఒకరు, కరీంనగర్ తమ్ముడు ఒకడు. ఈ తమ్ముడి సంగతి ముందే చెప్పాలి. జనవరి నెలాఖరులో వాడి కంపెనీ వాణ్ని, వాడితో పాటు మరికొందరిని ఇంటికి పంపేసింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఏమవుతుందో ఇది చదివేవాళ్లలో చాలామందికి చెప్పక్కర్లేదు. 60 రోజులు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. 2017లో ఈ రూలు వచ్చింది కాబట్టి ఆ 60 రోజులైనా ఉన్నాయి, అంతకుముందు అవీ లేవు. మేము బయల్దేరేనాటికి వాడికి పదహారో రోజు. "నేను రాను అన్నా, మీరు పోయి రాండ్రి" అన్నాడు. డబ్బులెలాగూ తిరిగి రావు, శని ఆదివారాల్లో ఏ రిక్రూటరూ ఫోన్ చెయ్యడు అని నచ్చజెప్పి కారెక్కించాం.

గనులు పోయి కుక్కలు మిగిలిన ఊరు

మిన్నియాపొలిస్ నుంచి ఈలీ సుమారు 240 మైళ్లు. నాలుగున్నర గంటల ప్రయాణం. వర్జీనియా అనే ఊరు దాటేటప్పుడు రోడ్డుకి అటూ ఇటూ ఇనుప గనులు కనిపిస్తాయి. ఎర్రమట్టి గుట్టల మీద తెల్లటి మంచు, దూరం నుంచి చూస్తే మన ఊళ్లో కుంకుమ మీద ముగ్గుపిండి చల్లినట్టుంది. ఈలీ కూడా గనుల ఊరే. అక్కడి ఆఖరి గని 1967లో మూతపడింది. ఇప్పుడక్కడ జనాభా మూడు వేల పైచిలుకు. మన దగ్గర ఓ మాదిరి పల్లెటూరంత.

గని పోయాక ఊరికి పక్కనున్న అడవే దిక్కయింది. బౌండరీ వాటర్స్ అంటారు దాన్ని. కెనడా సరిహద్దు వెంబడి పది లక్షల ఎకరాలకు పైగా అడవి, అందులో వెయ్యికి పైగా సరస్సులు. 1978లో వచ్చిన చట్టం వల్ల అందులో చాలాభాగంలోకి మోటారు బండ్లు పోకూడదు. ఎండాకాలం తెడ్డు వేసుకునే పడవ, చలికాలం కాళ్లు, స్కీలు, లేదంటే కుక్కలు. ఈలీలో కుక్కల బండ్లు బతికున్నాయంటే అందుకే. 1986లో ఈ ఊరి నుంచే విల్ స్టీగర్, పాల్ షుర్కే ఎనిమిది మంది బృందంతో, 49 కుక్కలతో వెళ్లి, మధ్యలో కొత్త సరుకులేవీ అందుకోకుండా ఉత్తర ధ్రువం చేరారు. చివరిదాకా వెళ్లింది ఆరుగురు. అందులో మిన్నెసోటా టీచరమ్మ ఆన్ బాన్‌క్రాఫ్ట్ ఉన్నారు. మంచు మీద ప్రయాణం చేసి ఉత్తర ధ్రువం చేరిన మొదటి మహిళ ఆవిడే.

ఇక చలి సంగతా? ఈలీకి కాస్త ముందొచ్చే టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. అంటే మన లెక్కలో మైనస్ 51. మిన్నెసోటాలో ఇప్పటిదాకా అదే రికార్డు. మేము వెళ్లిన శనివారం పొద్దున మైనస్ 12 ఫారెన్‌హీట్ మాత్రమే. మన లెక్కలో మైనస్ 24. "మాత్రమే" అన్నది మేము కాదు, అక్కడి మోటెల్ ఆవిడ.

"జీన్స్ వేసుకున్నదెవరు?"

ఊరికి పదిహేను మైళ్ల అవతల, అడవిలో దారి చివర ఓ చెక్క ఇల్లు. కారు దిగకముందే గోల వినిపించింది. ముప్పై కుక్కలకు పైగా ఒకేసారి అరుస్తున్నాయి. మా జంటల్లోని ఒక వదిన కారు తలుపు మళ్లీ వేసేసుకుంది. చిన్నప్పుడు ట్యూషన్ నుంచి వస్తుంటే వీధి కుక్క తరిమిందట, అప్పట్నుంచి ఆవిడకి కుక్కంటే పై ప్రాణాలు పైనే పోతాయి.

కుక్కల బండి తోలేవాణ్ని ఇక్కడ మషర్ అంటారు. మా మషర్‌కి యాభై దాటి ఉంటాయి. గడ్డం నిండా మంచు. పలకరింపులు కాగానే ఆయన మొదటి ప్రశ్న, "జీన్స్ వేసుకున్నదెవరు?" ఇద్దరం చేతులెత్తాం. లోపలికి తీసుకెళ్లి విప్పించి, ఉన్ని ప్యాంట్లు ఇచ్చాడు. నూలు బట్ట చెమట పీల్చుకుని ఆరదు. బండి తోలితే చెమట పడుతుంది, ఆగగానే ఆ తడి ఒంటి మీదే గడ్డకట్టినంత పనవుతుంది. లోపల పాలియెస్టరో ఉన్నో ఉన్న పల్చటి బట్ట, దాని మీద ఉన్ని, పైన గాలి దూరని కోటు. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండేవే వెచ్చన. కళ్లజోళ్లవాళ్లకి మాత్రం ఏ ఉపాయమూ లేదు, ఊపిరి వదిలితే అద్దాల మీద మంచు పేరుకుంటుంది. ఫోన్లు లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోమన్నాడు. వినకుండా బయటి జేబులో పెట్టుకున్నవాళ్ల ఫోన్ అరగంటకే చచ్చిపోయింది. ఫొటోలు తక్కువున్నాయని ఇప్పుడు సాధిస్తున్నవాళ్లకి ఇదే మా సంజాయిషీ.

ఇక కుక్కలు. మేమనుకున్నది సినిమాల్లో చూపించే నీలికళ్ల బొచ్చు కుక్కలు, తోడేళ్లలా ఉండేవి. అవి సైబీరియన్ హస్కీలు. ఇక్కడున్నవాటిలో ఎక్కువ అలాస్కన్ హస్కీలు. పేరు గొప్పే గానీ అది అసలు గుర్తింపున్న జాతే కాదు. పరుగు కోసం, ఓపిక కోసం, గట్టి పాదాల కోసం తరతరాలుగా రకరకాల కుక్కల్ని కలిపి పెంచుకుంటూ వచ్చారు. ఇరవై ఇరవై అయిదు కిలోలు, సన్నటి నడుము, పొడుగు కాళ్లు. ఒకటి గోధుమరంగు, ఒకటి నలుపు, ఒకదానికి ఒక చెవి లేచి ఇంకోటి వాలి ఉంది. "ఇదేందన్నా, మా గల్లీల కుక్క లెక్కనే ఉంది" అన్నాడు తమ్ముడు. అప్పటిదాకా వాడు నవ్వగా మేము చూడలేదు.

వాటి ఇంగ్లీషు పేర్లు మాకు నోరు తిరగలేదు. మా బండికి కట్టిన అయిదింటికి మేమే పేర్లు పెట్టుకున్నాం. ముందు నడిచే ఆడకుక్క రాములమ్మ. దాని వెనక జంట నల్లోడు, గోధుమోడు. బండికి దగ్గరగా ఉండే బలమైన జంట భీముడు, బకాసురుడు. పేర్లు ఏవైతేనేం, పిలిస్తే తిరిగి చూశాయి.

దాపల, వలపల

బండి అంటే చక్రాల్లేని బండి. కింద స్కీల్లాంటి రెండు పొడుగు పట్టాలు, వాటి మీద బుట్టలాంటి సీటు. ఒకరు బుట్టలో కూర్చుంటే ఇంకొకరు వెనక పట్టాల మీద నిలబడి తోలాలి. ఎద్దుబండికున్నట్టు పగ్గాలుండవు. ముల్లుకర్ర లేదు, కొరడా లేదు. నోటిమాటే. బండి నుంచి ముందుకు ఒక పొడుగు తాడు, దానికి అటూ ఇటూ కుక్కల భుజాల మీద వేసిన పట్టీల నుంచి వచ్చే తాళ్లు కడతారు. మెడకి బరువు తగలదు, లాగుడంతా ఛాతీ మీద, భుజాల మీదే.

బయల్దేరమనడానికి "హైక్". కుడికి "జీ", ఎడమకి "హా". సినిమాల్లో లాగా "మష్" అని ఎవరూ అనరట. అది ఫ్రెంచి మాట 'మార్ష్' నుంచి వచ్చిందట, నడవమని. మేము జీ, హా కలిపేసి తికమకపడుతుంటే గోదావరి అన్నయ్య అందుకున్నాడు. వాళ్ల నాన్నగారికి ఒంగోలు జత ఉండేది. "మనకి దాపల ఎద్దు, వలపల ఎద్దు ఉంటాయి కదండీ. వలపల అంటే కుడి, అదే జీ. దాపల అంటే ఎడమ, అదే హా. అంతే!" అన్నాడు. ఆ తర్వాత మాలో ఎవరికీ తప్పు రాలేదు. సంక్రాంతికి బండ లాగుడు పందెంలో ఎడ్లు ఎలా ఊగిపోతుంటాయో మషర్‌కి చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, ఎంత బరువు లాగుతాయి, పాదాలకి ఏం కడతారు అని అడిగాడు. నాడాలు కొడతామంటే, మేము బూట్లు తొడుగుతాం అని గుడ్డతో కుట్టిన చిన్న బూట్లు చూపించాడు. మంచు పెళుసుగా ఉన్నప్పుడు గోళ్ల మధ్య కోసుకోకుండా అట.

"ఏం జరిగినా బండి వదలొద్దు" అని మాత్రం మూడుసార్లు చెప్పాడు. "పడిపోయినా సరే, ఈడ్చుకుపోయినా సరే. మీరు వదిలేస్తే బండి తేలికైపోతుంది, అవి మైళ్ల కొద్దీ పోతాయి. తాళ్లు చుట్టుకుని కుక్కలకే దెబ్బ." ఆపడానికి కాలితో తొక్కే బ్రేకు ఉంది. ఆగాక మంచులో గుచ్చి తొక్కడానికి పెద్ద ఇనుప కొక్కెం ఉంది.

తాళ్లు కడుతున్నంతసేపూ ఆ గోల చెప్పనలవి కాదు. కట్టిన కుక్కలు గాల్లోకి ఎగురుతున్నాయి, తాడు కొరుకుతున్నాయి, ముందుకి దూకి వెనక్కి పడుతున్నాయి. కట్టనివి గూళ్ల మీదకెక్కి, మమ్మల్నెందుకు పిలవలేదని ఏడుస్తున్నాయి. బలవంతంగా లాగిస్తారేమో అన్న అనుమానం మాకు అక్కడే సగం తీరిపోయింది. బలవంతం కావలసింది ఆపడానికి. బండిని లావుపాటి తాడుతో చెట్టుకి కట్టేస్తే, చెట్టు కదులుతోందేమో అనిపించింది.

కొక్కెం పీకి, చెట్టు తాడు విప్పి, "హైక్" అన్నాం.

గోల ఆగిపోయింది. ఒక్కసారిగా. ఎవరో రేడియో కట్టేసినట్టు. పట్టాల కింద మంచు జారే చప్పుడు, కుక్కల ఊపిరి, అంతే. ఇరవై పాదాలు పడుతున్నా చప్పుడు లేదు. గంటకి ఎనిమిదో పదో మైళ్లు, కారులో అయితే నడకతో సమానం. కానీ బుట్టలో నేలకి జానెడెత్తున కూర్చుంటే అది విమానమే. దారికి రెండు వైపులా స్ప్రూస్ చెట్లు, కొమ్మల మీద మంచు మూటలు. పొద్దు ఇంకా చెట్ల వెనకే ఉంది. గాలి ముక్కులోకి వెళ్లగానే లోపలి తడి గడ్డకట్టి గుచ్చుకుంటోంది. కుక్కలు పరిగెడుతూనే పక్కనున్న మంచుని ఓ నోటెడు కొరుక్కుంటున్నాయి. వాటికి ఒంట్లో చెమట పట్టదు, పాదాల్లో కాస్త తప్ప. నాలుక చాపి, మంచు తిని చల్లబడాలి. మాకు చలి, వాటికి వేడి. ముప్పై ఫారెన్‌హీట్ దాటితే వాటికి ఉక్కపోతేనట.

ఇంకో సంగతి చెప్పాలి, ఏ బ్రోచర్‌లోనూ రాయరు. అవి పరిగెడుతూనే పెద్దపని కూడా కానిచ్చేస్తాయి. ఆగవు. బుట్టలో ముందు కూర్చున్నవాళ్లది అదృష్టం.

వదిలిపెట్టలేదు

రెండు మైళ్ల తర్వాత సరస్సు వచ్చింది. దాని మీదికి దిగే చోట పల్లం, పల్లంలోనే కుడికి వంపు. మూడో బండి తోలుతున్నది తమ్ముడు. బుట్టలో కుక్కంటే భయపడే వదిన. మషర్ చెప్పింది వంపు వైపు ఒరగమని. వాడు ఎడమకి ఒరిగాడు. బండి పక్కకి పడిపోయింది. వదిన బుట్టలోంచి మంచులోకి దొర్లింది, లేచి కూర్చుంది, దెబ్బేం లేదు. తమ్ముడు మాత్రం రెండు చేతులతో పిడి పట్టుకుని బోర్లా సరస్సు మీద ఈడ్చుకుపోతున్నాడు. "వదిలెయ్ రా!" అని మేమే అరిచాం, మూడుసార్లు చెప్పించుకున్న మేమే. వాడు వదల్లేదు. ఓ ముప్పై నలభై గజాలు. పడిపోయిన బండి మంచులో దిగబడి బరువెక్కింది, ముందున్న మషర్ తన బండి ఆపి అడ్డంగా నిలబడ్డాడు, కుక్కలు ఆగాయి.

మేము పరుగెత్తి వెళ్లేసరికి వాడు లేచి కూర్చున్నాడు. కాలర్‌లో, చేతుల్లో, చెవుల్లో మంచు. ముందున్న కుక్క వెనక్కి తిరిగి వాణ్నే చూస్తోంది, ఏం పెద్దమనిషీ, ఇంకా ఎంతసేపు అన్నట్టు. మషర్ వచ్చి ముందు కుక్కల కాళ్లు ఒక్కోటి ఎత్తి చూసుకున్నాడు. ఆ తర్వాత వాడి చేతులు చూశాడు. "బాగా పట్టుకున్నావు" అన్నాడు. అంతే. వాడు ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నమంతా మాత్రం ఆ మాటని ఓ పదిసార్లు మాకు అప్పజెప్పాడు.

పులిహోర గడ్డకట్టింది

సరస్సు అవతలి ఒడ్డున మషర్ ఎండుకొమ్మలతో మంట వేశాడు. మేము తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరిస్తే ఇటుకలా ఉంది. చెంచా దిగలేదు. మంట పక్కన పెట్టి, ఓ వైపు కరిగింది తింటూ, ఇంకో వైపు కరిగేదాకా ఆగుతూ తిన్నాం. ఆవకాయ మాత్రం గడ్డకట్టలేదు, నూనె చిక్కబడి ఊరుకుంది. దేవుడు తెలుగువాడే అన్నాడు గోదావరి అన్నయ్య.

వదిన భయం ఎప్పుడు పోయిందో తెలీదు, భీముడి పక్కన కూర్చుని ఉల్లిపాయ పకోడీ ఒకటి వాడి నోటి దగ్గర పెట్టబోయింది. మషర్ చటుక్కున చెయ్యి పట్టుకుని ఆపాడు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం, రక్తంలో ఎర్రకణాల్ని దెబ్బతీస్తాయి. ఇళ్లల్లో కుక్కల్ని పెంచుకునే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, మన వంటల్లో ఉల్లి లేనిదేది? తన సంచిలోంచి కొవ్వు ముక్కలు తీసి వదినకిచ్చి పెట్టమన్నాడు. అలాస్కాలో వెయ్యి మైళ్ల ఇడిటరాడ్ పందెంలో పరిగెత్తే కుక్కలకి రోజుకి పది వేల క్యాలరీల దాకా కావాలట. మనకి రెండు వేలు, రెండున్నర వేలు చాలు. మా రాములమ్మకంత అవసరం లేదు గానీ, తన కంటే నాలుగింతలున్న మనిషితో సమానంగా తింటుంది.

మంట దగ్గరే అసలు ప్రశ్న అడిగాం. అమ్మ అడిగిన ప్రశ్నే. ఇది వాటిని హింసించడం కాదా?

ఆయన కోప్పడలేదు. చాలామంది అడుగుతారన్నాడు. "లాగడం వాటికి హింస కాదు, మీరే చూశారు. హింస పెట్టేవాళ్లు లేరని మాత్రం చెప్పను. ఎవరి దగ్గరికైనా వెళ్తే కుక్కల పాదాలు చూడండి, నీళ్ల గిన్నె చూడండి, గొలుసు ఎంత పొడుగుందో చూడండి. ముసలి కుక్కలెక్కడ అని అడగండి. చూపించకపోతే వెనక్కి వెళ్లిపోండి" అన్నాడు. గొలుసులకు కట్టి ఉంచడమే తప్పనే వాళ్లున్నారు, ఇడిటరాడ్‌లో కుక్కలు చనిపోవడం మీద ఏళ్ల తరబడి గొడవ ఉంది. ఆ మాటలు ఆయన దాచలేదు.

తమ్ముడు అడిగిన ప్రశ్న వేరు. "పని లేనప్పుడు?"

ఎండాకాలం వాటికి పని లేదు, వేడికి పరిగెత్తవు. సెప్టెంబరు నుంచి మళ్లీ తాలీము, ఇంజన్ ఆపేసిన నాలుగు చక్రాల బండి లాగిస్తారు. సంపాదన మూడు నెలలు, తిండి పన్నెండు నెలలు. తొమ్మిది పదేళ్లొచ్చేసరికి పని మానిపిస్తారు, ఆ తర్వాత ఇంకో నాలుగైదేళ్లు ఊరికే పెట్టాలి. "బెంచ్ మీద ఉన్నా జీతం ఇస్తున్నడన్న మాట" అన్నాడు తమ్ముడు తెలుగులో. మేమంతా నవ్వాం. బెంచ్ మీద జీతం ఎగ్గొట్టే కన్సల్టెన్సీల సంగతి మనలో తెలియనిదెవరికి? ఎందుకు నవ్వారో చెప్పమంటే మషర్‌కి బెంచ్ అంటే ఏంటో వివరించాల్సి వచ్చింది. హెచ్-1బి ఉద్యోగికి పని లేకపోయినా జీతం ఇవ్వాలని చట్టంలోనే ఉందని చెబితే, మరి ఇవ్వకపోతే ఏం చేస్తారు అని అడిగాడు. దానికి మా దగ్గర తడుముకోకుండా చెప్పే జవాబు లేదు.

2023-24 చలికాలం గురించి ఆయనే చెప్పాడు. మిన్నెసోటాలో నమోదైన వాటిలో అన్నిటికంటే వెచ్చటి చలికాలం అది. మంచే పడలేదు. ఇక్కడికి ఆగ్నేయాన సుపీరియర్ సరస్సు ఒడ్డున జరిగే జాన్ బేర్‌గ్రీజ్ కుక్కల పందెం 2024లో రద్దయింది. 1880లు, 90లలో రోడ్డు లేని ఆ ఒడ్డున కుక్కల బండి మీద టపా మోసిన ఆదివాసీ పోస్ట్‌మ్యాన్ పేరు మీద నడుస్తున్న పందెం అది. ఆ ఏడాది బుకింగులన్నీ వెనక్కిచ్చేసి, వడ్రంగి పనికి పోయి కుక్కల్ని సాకానన్నాడు. ముప్పై నోళ్లు.

అందరూ అలా చెయ్యలేదు. కెనడాలోని విజ్లర్‌లో 2010 వింటర్ ఒలింపిక్స్ అయిపోయాక, టూరిస్టులు తగ్గారని ఒకచోట స్లెడ్ కుక్కల్ని చంపి గోతుల్లో పూడ్చేశారు. తవ్వి తీస్తే యాభైకి పైగా కళేబరాలు బయటపడ్డాయి. ఆ కుక్కల బాధ్యత చూసిన మనిషి 2012లో కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. ఆ ప్రావిన్సు ప్రభుత్వం స్లెడ్ కుక్కల కోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మాలో ఒకరు ఈ సంగతి ఎత్తితే మషర్ కాసేపు మంటలో కొమ్మలు సర్దుతూ ఉండిపోయాడు.

న్యూయార్క్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది సెంట్రల్ పార్కులో బాల్టో విగ్రహం పక్కన ఫొటో దిగే ఉంటారు. 1925 జనవరి నెలాఖరున అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకి డిఫ్తీరియా, మన భాషలో కంఠసర్పి, సోకితే మందు చేర్చడానికి వేరే దారి లేకపోయింది. 20 మంది మషర్లు, దాదాపు 150 కుక్కలు చేతులు మార్చుకుంటూ 674 మైళ్లు అయిదున్నర రోజుల్లో దాటించారు. ఆఖరి బండికి ముందు నడిచింది బాల్టో కాబట్టి విగ్రహం దానికి వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ దూరం, గడ్డకట్టిన సముద్రపు పాయ మీదుగా నడిచింది టోగో అనే కుక్క. దాని తోలరి లెన్‌హార్డ్ సెపాలాకి ఆ కోపం చివరిదాకా పోలేదంటారు. అయితే విగ్రహం పెట్టాక బాల్టో ఏమైందో మాకు ఆ మంట దగ్గరే తెలిసింది. చేతులు మారి లాస్ ఏంజెలెస్‌లో ఓ చిల్లర ప్రదర్శనశాలలో గొలుసులతో, చిక్కిపోయి తేలింది. పార్కులో కంచు విగ్రహం, ఇక్కడ పైసలిస్తే చూపించే కుక్క. క్లీవ్‌లాండ్ నుంచి వెళ్లిన ఓ వ్యాపారి చూసి, ఊరంతా చందాలేసి 2 వేల డాలర్లు పోగుచేసి, బాల్టోని, దానితో పాటు మరో ఆరింటిని 1927లో విడిపించారు. బడిపిల్లలు కూడా చిల్లర వేశారట. 1933లో చనిపోయేదాకా అది క్లీవ్‌లాండ్ జూలోనే ఉంది. ఒహాయోలో ఉన్న మనవాళ్లు వెళ్లి చూడొచ్చు, దాని బొమ్మ కాదు, చర్మంతో నిలబెట్టిన బాల్టోనే అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

గుమ్మం దగ్గర

తిరుగు ప్రయాణంలో తోలేవాళ్లు మారారు. వదిన తోలింది. ఆ పల్లం ఇప్పుడు ఎక్కుడు. ఎక్కుడొస్తే తోలేవాళ్లు దిగి తొయ్యాలి, ఊరికే నిలబడితే కుక్కలు వెనక్కి తిరిగి చూస్తాయి. ఆ చూపు ఎంత సిగ్గుగా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు. ఎంత ఇష్టంగా లాగినా మన బరువు మనం కొంత మొయ్యాల్సిందే.

వెళ్లాలనుకునేవాళ్లకి: జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా నమ్మకం. మార్చిలో ఎండలు ముదిరితే చెప్పలేం. మంచు లేకపోతే డబ్బు తిరిగిస్తారా అని ముందే అడిగి రాయించుకోండి. చిన్నపిల్లల్ని బుట్టలో కూర్చోబెట్టొచ్చు గానీ వాళ్లు కదలరు కాబట్టి మనకంటే త్వరగా చల్లబడతారు. టైముంటే ఈలీలోనే తోడేళ్ల కేంద్రం ఉంది, హస్కీలకీ వాటికీ తేడా కళ్లారా చూడొచ్చు.

సాయంత్రానికి కుక్కలకి మాంసం కలిపిన వేడినీళ్లు పోసి, పట్టీలు విప్పి, గడ్డి పరిచిన గూళ్లలో వదిలాం. విప్పిన పట్టీలు లోపల మేకులకి తగిలించడానికి తమ్ముడు వెళ్లాడు. స్టౌ పక్కన చాప మీద ఓ ముసలి కుక్క ముక్కు మీద తోక కప్పుకుని పడుకుని ఉంది. పన్నెండేళ్లు. మూడేళ్ల క్రితం దాకా ముందు నడిచిన కుక్కట. పట్టీ గొలుసు గలగలమనగానే చటుక్కున లేచి, కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది. మషర్ తలుపు తీశాడు. అది బయటికి చూసి, చలిగాలి ఓసారి పీల్చి, కాసేపు నిలబడి, తిరిగొచ్చి చాప మీద పడుకుంది. రోజూ ఇంతే అన్నాడు. తమ్ముడు దాని పక్కన కింద కూర్చుండిపోయాడు. చీకటి పడుతోంది, నాలుగున్నర గంటలు నడపాలి అని మేము హారన్ కొట్టేదాకా లేవలేదు.

వర్జీనియా చేరాక ఫోన్లకి సిగ్నల్ వచ్చింది. అమ్మ మెసేజ్ పెట్టింది, "కుక్కలు క్షేమమేనా?" అని. మా గురించి అడగలేదు.

ఇది రాస్తున్న రోజుకి తమ్ముడికి నలభై మూడో రోజు. రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి. మూడోది గురువారం.